మాయమ్ లెక్క

జైనున్ చేతులకు బేడీలు పడడానికి సాయంత్రం అసర్ నమాజు దాకా గడువుంది. నమాజు కాగానే ఇన్‌స్పెక్టర్ వస్తాడని బ్యాంకు వాళ్ళు కబురు పెట్టారు. ఈలోగా ఆమె దొంగ కాదని నేను తేల్చాలి. తేల్చలేకపోతే నాకు పోయేది ఒక పూట శ్రమ. ఆమెకు పోయేది పేరు. కోటా బారు బజారులో పేరు పోయిన మనిషికి రొక్కం చేతిలో పెట్టినా సరుకు పుట్టదు.

ముప్పై ఏళ్ళు ఆ బజారులోనే జరీ బట్టలు అమ్మాను. అక్కడ అందరికీ నేను పోక్ లోంగ్‌నే. మోకాళ్ళు అరిగాక కొట్టు తమ్ముడికి అప్పగించి ఈ పరిశోధన పని పట్టాను. పెద్ద తేడా ఏమీ లేదు. అప్పుడైనా ఇప్పుడైనా నేను చూసేది ఒకటే: ఎదుటివాడు నోటితో చెప్పే ధరకూ, వాడి కళ్ళలో ఉన్న ధరకూ మధ్య ఎంత దూరమో.

ఈసారి నాకు కూలి ఇస్తున్నది మోక్ యాహ్, బజారంతటికీ పెద్దమ్మ వరస. ఊరేసిన చేపల రసం, బుడు, అమ్ముతుంది. రంజాన్ పండగకు చేతుల నిండా గాజులు వేసుకోవడం, పండగ వెళ్ళగానే వాటిని తాకట్టు పెట్టి సరుకు కొనుక్కోవడం మా ఆడవాళ్ళ పద్ధతి. ఈ ఏడు ఆమె అందరికన్నా వారం ముందు విడిపించుకోడానికి వచ్చింది. సెరాయ బ్యాంకు వాళ్ళ తాకట్టు దుకాణంలో డబ్బు కట్టింది. నాణ్యం చూసే జైనున్ ఆమె ఎదుటే పొట్లం విప్పింది. ఆరు గాజులూ ఇత్తడివి.

దాంతో కౌలాలంపూర్ నుంచి రెడ్జువాన్ అనే బ్యాంకు ఆడిటరు దిగాడు. రెండు వందల గ్రాములూ, అంతకు పైబడినవీ పొట్లాలన్నీ విప్పించాడు. మరో పదకొండు ఇత్తడివి తేలాయి. పన్నెండింటి మీదా ఉన్నది జైనున్ ముద్రే. లెక్క సరిపోయిందని ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

లెక్క అంత తొందరగా సరిపోతే నాకు అనుమానం.

దుకాణం వెనక గదిలో జైనున్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిన మొహం. పక్కనే మోక్ యాహ్, విసనకర్రతో తనకు కాక జైనున్‌కు విసురుతోంది.

"నున్, మోక్ యాహ్ గాజులు నీ చేతికొచ్చిన రోజున బంగారమేనా?" అన్నాను.

"గీటురాయి మీద గీసి, ఆసిడ్ వేసి చూశాను పోక్ లోంగ్. బంగారమే. అది చెయ్యకపోయినా నాకు తెలుసు. అవాంగ్ కంసాలి చేతి పని. ఆ తీగ మెలిక ఇంకెవరికీ రాదు."

"తరవాత అవి అలిగి ఇత్తడి అయిపోయాయన్నమాట."

"ఉపవాసంతో ఉన్నాను. కోపం తెప్పించకండి."

"కోపం రానీ. నిజం చెప్పేవాళ్ళకే వస్తుంది. నీ ముద్ర ఎక్కడ ఉంటుంది?"

"సొరుగులో."

"తాళం?"

"నా దగ్గరే. నమాజుకు వెళ్ళేటప్పుడు మాత్రం తోక్ హాజీకి ఇచ్చి వెళ్తాను."

తోక్ హాజీ అంటే ఈ దుకాణం మేనేజరు, హాజీ కమరుల్. నుదుట నమాజు మచ్చ, నోట మెత్తని మాట. ఊళ్ళో ఆయన మీద ఎవరికీ వేలు చూపే ధైర్యం లేదు.

"ఈ పిల్ల దొంగైతే నేనడగ్గానే పొట్లం విప్పుతుందా?" అంది మోక్ యాహ్. "తాళం పోయింది, రేపు రా మోక్ అంటే నేను వెళ్ళిపోనూ? నాకంటే ముందు తనే కేక పెట్టింది. కేక పెట్టే దొంగను నా జన్మలో చూళ్ళేదు."

"అది సాక్ష్యం కాదు మోక్."

"సాక్ష్యం నువ్వు వెతుక్కో. అందుకే కదా నీకు డబ్బిస్తున్నది. గాజులు దొరక్కపోతే అదీ ఇవ్వను."

బేరం ముందే తెంచే మనుషులంటే నాకు గౌరవం. లేచి భద్రం గదిలోకి వెళ్ళాను.

నాలుగు అరల ఇనుప బీరువాలు రెండు గోడల పొడవునా ఉన్నాయి. మధ్య బల్ల మీద పన్నెండు పొట్లాలు విప్పి పరిచి ఉన్నాయి. రెడ్జువాన్ చొక్కా మడతలు సర్దుకుంటూ నిలబడ్డాడు. హాజీ కమరుల్ ఒక మూల కుర్చీలో తస్బీహ్ పూసలు తిప్పుకుంటున్నాడు.

"ఎన్చిక్ సులోంగ్ అంటే మీరేనా?" అన్నాడు రెడ్జువాన్. "జరీ గుడ్డలు అమ్మేవారట కదా."

"అమ్మేవాణ్ని తువాన్. మీరేసుకున్న చొక్కా గుడ్డ ఏ ధరకు కొన్నారో చెప్పమంటారా? మోసపోయారు."

"మా బ్యాంకు లెక్కలు గజాల్లో ఉండవు."

"మోసం అన్ని కొలతల్లోనూ ఉంటుంది లెండి. ఒకసారి చూడనివ్వండి. ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఎలాగూ మీకు పని లేదు, తినడానికి కూడా లేదు."

ఆయన భుజాలు ఎగరేశాడు. నేను ముందు మోక్ యాహ్ పొట్లం తీసుకున్నాను. మందపాటి కాగితం, మీద సిరాతో గ్రాములు రాసి ఉన్నాయి, నూటొకటి. దాని కిందే మూలన పెన్సిలుతో చిన్నగా ముప్పై అని రాసి ఉంది.

ముప్పై మాయమ్‌లు. మాయమ్ మా వైపు బంగారం తూకం. బ్యాంకులకూ ప్రభుత్వానికీ గ్రాములే కావాలి. కానీ మా కంసాలి గాజు పోసేది మాయమ్‌లలో, ఆడవాళ్ళు అడిగేదీ మాయమ్‌లలో. "నాది ముప్పయ్యే కదమ్మా?" అని అడిగే ముసలమ్మకు జవాబు చెప్పడానికి జైనున్ మూలన పెన్సిలుతో ఆ అంకె వేసుకుంటుంది. బీరువాలో చేతికందిన పొట్లాలు నాలుగైదు తిరగేసి చూశాను. అన్నిటి మీదా ఆ పెన్సిలు అంకె ఉంది.

బల్ల మీద ఉన్న పదకొండింటి మీద లేదు.

ఇంకో సంగతి. మాయమ్‌లలో పోసిన గాజును గ్రాముల్లో తూస్తే ఎప్పుడూ చిల్లర వస్తుంది. నూటొకటి వస్తుంది, అరవై ఏడున్నర వస్తుంది. ఈ పదకొండూ మాత్రం సరిగ్గా రెండు వందలు, రెండు వందలు, రెండు వందలు. ఒక్కదానికీ తోక లేదు.

"తువాన్, ఇవి ఏ చేతికీ తొడిగిన గాజులు కావు," అన్నాను. "ముందు అంకె పుట్టింది, తరవాత గాజు పుట్టింది. జైనున్ తూచిన పొట్లాలు కావివి. ఆమె ముద్ర మాత్రమే ఇక్కడికొచ్చింది, ఆమె రాలేదు."

"పెన్సిలు గీత లేకపోతే నిర్దోషా?" రెడ్జువాన్ నవ్వాడు. "అసలు సంగతి నేను చెప్తా వినండి. పదకొండు మంది ఖాతాదారుల్లో ఒక్కడి ఇల్లూ దొరకలేదు. దొంగ పేర్లు. ఇత్తడి పెట్టి ఒక్కొక్కరి పేరున ఐదేసి వందల రింగిట్‌లు అప్పు తీసింది. చిన్నగా మొదలుపెట్టింది. ఎవరూ పట్టుకోకపోతే పెద్దవి లాగుదామని."

"అప్పు కాలమ్ చూసి చెప్తున్నారా?"

"మరేది చూడాలి? తాకట్టు దుకాణంలో దొంగతనమంటే అప్పులోనే జరుగుతుంది. ఇరవై ఏళ్ళ అనుభవం నాది."

"ఏ దుకాణంలో అనుభవం?"

ఆయన కిటికీలోంచి చూపించాడు. రోడ్డుకు అటు పక్క ఇదే సెరాయ బ్యాంకుది మరో తాకట్టు దుకాణం. యజమాని ఒక్కడే, దుకాణాలు రెండు. అటుది వడ్డీది, ఇటుది వడ్డీ లేనిది. "ఆ విభాగం ఆడిట్ మొత్తం నా చేతి కిందే ఉంది," అన్నాడు. "ఈ ఏడు ఆ బ్రాంచి రాష్ట్రంలో రెండో స్థానం."

"మొదటిది?"

హాజీ కమరుల్ తస్బీహ్ తిప్పడం ఆపాడు. "మాదే," అన్నాడు మెల్లగా.

"అదీ నాకు అర్థం కానిది," అన్నాను కుర్చీ లాక్కుంటూ. "తువాన్, మీ దుకాణానికి రాబడి ఎక్కణ్ణించి వస్తుంది?"

"వడ్డీ. ఎంత ఎక్కువ అప్పిస్తే అంత వడ్డీ. చిన్నపిల్లాడికి కూడా తెలుసు."

"ఇక్కడ?"

"ఇక్కడ వడ్డీ ఉండదు. బంగారం దాచినందుకు కూలి తీసుకుంటారు."

"కూలి దేని మీద? అప్పు మీదా?"

ఆయన హాజీ వైపు చూశాడు. హాజీ నేలవైపు చూస్తున్నాడు.

"అప్పు మీద తీసుకుంటే అది వడ్డీయే అవుతుందని మత పెద్దలు ఒప్పుకోరు. అందుకని బంగారం విలువ మీద తీసుకుంటారు. వెయ్యి రింగిట్‌ల బంగారం పెట్టి వంద తీసుకో, ఏడొందలు తీసుకో, కూలి మారదు. మీరు ఇక్కడికొచ్చి కూడా మీ దుకాణం కళ్ళజోడే పెట్టుకున్నారు. అప్పు కాలమ్ చూశారు, కూలి కాలమ్ వదిలేశారు. ఈ పొట్లాల మీద కూలి ఎంత?"

రెడ్జువాన్ కాగితాలు తిరగేశాడు. ఇప్పుడు తొందర లేదు ఆయన వేళ్ళలో. "నెలకు నాలుగొందల యాభై. ఒక్కొక్కదానికి."

"కట్టారా?"

"ఎనిమిది నెలలుగా. ఒక్క నెల కూడా తప్పలేదు."

"ఐదొందలు అప్పు తీసుకున్నవాడు నెలకు నాలుగొందల యాభై కూలి కడుతున్నాడు! మీ కౌలాలంపూర్‌లో ఇంత మంచివాళ్ళు ఉంటే అడ్రసులివ్వండి, నా దగ్గర పాత సరుకు ఇంకా మిగిలే ఉంది. తువాన్, దొంగతనం జరిగితే దుకాణానికి నష్టం రావాలి. ఈ పదకొండు ఇత్తడి పొట్లాల వల్ల ఈ దుకాణానికి దాదాపు నలభై వేలు లాభం వచ్చింది. జైనున్ జీతం తీసుకునే మనిషి. దుకాణానికి రాబడి పెరిగితే ఆమెకు ఒక్క సెన్ రాదు. ఈ లాభం ఎవరికి లాభమో వాళ్ళే ఈ ఇత్తడి కట్టారు."

రెడ్జువాన్ తల నెమ్మదిగా మూలనున్న కుర్చీవైపు తిరిగింది.

"తోక్ హాజీ," అన్నాను, "ఉపవాసం రోజు. మీ నోటితో అబద్ధం చెప్పించడం నాకిష్టం లేదు. అందుకే అడగను. మీరే చెప్పండి."

ఆయన తస్బీహ్ జేబులో పెట్టుకున్నాడు. చెప్పడం మొదలెట్టాక ఆపలేదు.

"మూడేళ్ళు ఆఖరున ఉన్నాం. అటువాళ్ళు అంత తెస్తున్నారు, మీరెందుకు తేరు అని ప్రతి నెలా ఫోను. మా దగ్గరికొచ్చేది బుడు అమ్మేవాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు. వాళ్ళ బంగారానికి ఎంత కూలి వస్తుంది? ఇంకో ఏడు ఇలాగే ఉంటే మూసేస్తామన్నారు. మూసేస్తే ఈ ఆడవాళ్ళంతా రోడ్డు దాటి వడ్డీకి పోతారు. ఆ పాపం నా వల్ల ఎందుకు జరగాలి అనుకున్నాను పోక్ లోంగ్. అప్పులు పెంచితే పైనుంచి డబ్బు అడగాలి, సంతకాలు కావాలి. బంగారం పెంచితే ఎవరూ అడగరు. భద్రం గదిలో నాలుగు పొట్లాలు ఎక్కువుంటే ఎవరు చూస్తారు?"

"కూలి ఎవరు కట్టారు?"

"నేనే. మక్కాకు మళ్ళీ వెళ్దామని దాచుకున్నది. మూడు నెలలకే అయిపోయింది."

"తరవాత మోక్ యాహ్ గాజులు తీశారు."

"పండగ ముందు రోజుకు గానీ రాదని... ఎప్పుడూ ఆ రోజే వచ్చేది. బోనస్ రాగానే తెచ్చి పెట్టేద్దామనుకున్నాను."

"అమ్మేశావా!" రెడ్జువాన్ బల్ల మీద కొట్టాడు. మర్యాద కూడా మర్చిపోయాడు.

"అమ్మలేదు," అన్నాను నేను. "అవాంగ్ కంసాలి గాజు ఈ ఊరి బజారులో అమ్మకానికి వస్తే అది అవాంగ్ చెవిన పడడానికి ఒక కప్పు కాఫీ తాగేంత సేపు చాలు. ప్రతి కంసాలీ తన చేతి పని గుర్తుపడతాడు. అది ఎవరి గాజో, ఏ పెళ్ళికి చేయించిందో కూడా చెప్తాడు. బజారులో నాకు అలాంటి మాట వినబడలేదు. కనక అమ్మలేదు. ఊరు దాటి తీసుకెళ్తే మళ్ళీ పండగకు తేవడం కష్టం. తోక్ హాజీకి కావలసిన చోటు ఎలాంటిది? దగ్గరగా ఉండాలి. పెట్టింది పెట్టినట్టు తిరిగి రావాలి. కౌంటరు మీద కూర్చున్నవాడికి మన కంసాలుల చేతి పని తెలియకూడదు."

ఈసారి కిటికీలోంచి చూసింది నేను.

రెడ్జువాన్ కూడా అటే చూశాడు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. ఇరవై ఏళ్ళ అనుభవం కదా, కూడికలు తొందరగానే చేస్తాడు. ఇక్కడి బంగారం అక్కడ తాకట్టు. అక్కడ దాని మీద వడ్డీ. ఆ అప్పుతో ఇక్కడ ఇత్తడికి కూలి. బ్యాంకు డబ్బు రోడ్డు దాటి వచ్చి బ్యాంకుకే రాబడి అయింది, రెండు వైపులా.

"వడ్డీ కట్టారా తోక్ హాజీ?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"కట్టాను," అన్నాడాయన. అప్పటిదాకా రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి.

"ఎంతమందివి పెట్టారు?" రెడ్జువాన్ గొంతు చాలా తగ్గిపోయింది.

"మూడు. మోక్ యాహ్‌వీ, ఇంకో ఇద్దరివీ."

రెడ్జువాన్ ఫోను తీసుకుని గది బయటికెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్‌కు నిజం చెప్తాడనుకున్నాను. తిరిగి వచ్చాక ఆయన నాతో మాట్లాడిన తీరు చూస్తే ఫోను పోలీసు స్టేషన్‌కు చేయలేదని తెలిసిపోయింది. బేరానికి వచ్చిన మనిషి ముందుగా కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు.

"పోక్ లోంగ్," అన్నాడు. ఎన్చిక్ అనే మర్యాద పోయి, చుట్టరికం కలిపే పోక్ వచ్చింది. "మనం పెద్దవాళ్ళం. ముగ్గురి గాజులు ఈ సాయంత్రమే అటునుంచి తెప్పిస్తాను. ఇఫ్తార్ లోపల మోక్ యాహ్ చేతికి తొడుగుతాను. ఇన్‌స్పెక్టర్‌ను రావద్దంటాను. హాజీ ఆరోగ్యం బాగాలేక రిటైరవుతారు. ఎవరికీ నష్టం లేదు."

"జైనున్?"

"తూకంలో పొరపాటు చేశానని ఒక కాగితం మీద సంతకం చేసి ఉద్యోగం మానేస్తే చాలు. కేసు ఉండదు. ఏడాది జీతం ఇప్పిస్తాను. పైవాళ్ళకు ఏదో ఒక కారణం చూపించాలి కదా. రెండు బ్రాంచీల అంకెలూ తప్పని నేనెలా రాయను?"

బేరం చెడ్డది కాదు. ఒప్పుకోవాలి. మోక్ యాహ్‌కు గాజులొస్తాయి, నాకు ఫీజొస్తుంది, జైనున్ జైలుకు పోదు. నా పాత కొట్టులో ఇంతకన్నా చెడ్డ బేరాలకు తలూపాను. కానీ సరుకు నాది కాదు.

వెళ్ళి జైనున్‌ను పిలుచుకొచ్చి, మొత్తం ఆమె ముందు పెట్టాను. దాచకుండా, నా అభిప్రాయం కలపకుండా. ఆమె హాజీని చూసింది. ఆయన తలెత్తలేదు.

"పదకొండేళ్ళు మీకు సొరుగు తాళం ఇచ్చి నమాజుకు వెళ్ళాను తోక్ హాజీ," అంది. అంతే. తిట్టలేదు.

తరవాత రెడ్జువాన్ వైపు తిరిగింది. "నా పేరు తాకట్టు పెట్టి మీ బ్యాంకును విడిపించుకుంటారా తువాన్? దాన్ని మళ్ళీ ఎవరు విడిపిస్తారు? బజారులో మా అమ్మ కూర్చునే చోటు పక్కన రేపు ఎవరు కూర్చుంటారు?"

"ఆలోచించుకోండి. పోలీసు కేసు అయితే..."

"ఆలోచించుకున్నాను."

ఆమె బల్ల మీద నుంచి తన తక్కెడ, గీటురాయి తీసుకుని ముందు హాల్లోకి వెళ్ళింది. పండగ దగ్గర పడింది కనక అక్కడ బెంచీలన్నీ నిండి ఉన్నాయి. గాజులు విడిపించుకోడానికి వచ్చిన ఆడవాళ్ళు నలభై మందికి తక్కువ ఉండరు. జైనున్ కౌంటరు మీద తక్కెడ పెట్టింది. ఆ చప్పుడుకే సగం మంది తలెత్తారు.

"అక్కల్లారా, మోక్‌లారా, వినండి! నన్ను దొంగంటున్నారు. మీ పొట్లాలన్నీ నేనే కట్టాను. ఎవరి పొట్లం వాళ్ళు ఇప్పుడే, నా ముందే విప్పించుకుని చూసుకోండి. డబ్బు తరవాత కడుదురు గాని. ముందు సరుకు చూడండి!"

బెంచీలు ఒక్కసారిగా నేల మీద ఈడ్చుకున్న మోత. వెనక గదిలోంచి మోక్ యాహ్ గొంతు అందరికన్నా పైన లేచింది. "చూస్తారేంటే? లేవండి! నాది పోయింది, మీది ఉందో లేదో చూసుకోరూ?"

రెడ్జువాన్ భద్రం గది తలుపు మూయబోయాడు. నేను కాలు అడ్డం పెట్టాను. "మూడే కదా తువాన్. మిగతావి విప్పితే మీకు పోయేదేముంది? రెండు గంటల్లో ఆమె పేరు కడిగినట్టవుతుంది. చవక."

అప్పుడు వెనకనుంచి ఎవరో నా చొక్కా గట్టిగా పట్టుకున్నారు. హాజీ కమరుల్.

"ఆపండి పోక్ లోంగ్. అల్లా మీద ఆన. విప్పనివ్వకండి."

"మూడన్నారుగా?"

"కూలి కోసం నేను పెట్టినవి మూడు. పెట్టిన రెండో నెలలోనే అటు మేనేజరు కనిపెట్టేశాడు. పోలీసులకు చెప్పనన్నాడు, కానీ ఇంకా బంగారం పంపమన్నాడు..." ఆయన కళ్ళు ఎడమ గోడ పొడవునా ఉన్న బీరువా మీదికి వెళ్ళాయి. కింది అర నుంచి పై అర దాకా. "వాడికీ టార్గెట్ ఉంది."

హాల్లో జైనున్ మొదటి ముసలమ్మ పొట్లం నంబరు గట్టిగా చదివింది. అది ఎడమ గోడదే.